తడి తెలియని వేళ్ళు

ఓర్విల్ హెగ్‌స్టాడ్ షెడ్డులో ఎప్పుడూ ఉన్ని మైనం వాసన వేసేది. గొర్రెల మంద వానలో తడిసొచ్చి నిలబడితే ఎలా ఉంటుందో అలా. భార్య మార్నా బతికున్నన్నాళ్ళూ ఆ షెడ్డు గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేదు. "చేతులు కడుక్కుని రా. పొట్టేలుతో కాపురం చేస్తున్నట్టుంది నాకు," అనేది. ఆయన కావాలనే వెళ్ళి ఆమె బుగ్గకు బొటనవేలు రాసి వచ్చేవాడు.

అమెరికాలో మోంటానా రాష్ట్రం ఉత్తరపు అంచున, టోర్విక్ అనే చిన్న ఊళ్ళో, చలికాలం ఇళ్ళు వెచ్చబెట్టే గ్యాసు ట్యాంకరు తోలిన మనిషి ఆయన. మట్టిరోడ్ల చివర ఉండే పశువుల కొట్టాల దాకా ఆయన ట్యాంకరు వెళ్ళని గుమ్మం లేదు. వెళ్ళిన ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు కాఫీ డబ్బా చేతిలో పెట్టేవాళ్ళు. అందులో కాఫీ ఉండదు, వేటకెళ్ళి పేల్చేసిన ఇత్తడి తూటా గుల్లలుంటాయి. ఓర్విల్ వాటిని తీసుకెళ్ళి, మళ్ళీ కొత్త తూటాలు చేసి, తర్వాతి గ్యాసు తడవకి తెచ్చి ఇచ్చేవాడు. వాళ్ళు ఇంట్లో చేసిన జింక సాసేజీ ఓ చుట్టో, పుల్లటి రూబార్బు కాడలతో చేసిన తీపి రొట్టో చేతిలో పెట్టేవాళ్ళు. అంతే బేరం.

ఆ పనిలో అసలు కిటుకంతా పూత దగ్గరే ఉంది. పేలిన గుల్ల ఉబ్బిపోతుంది. దాన్ని ఉక్కు అచ్చులోకి ప్రెస్సుతో నొక్కి పాత కొలతకు తేవాలి. ఇత్తడిని ఒట్టిగా నొక్కావంటే అచ్చు లోపల కరుచుకుని కూర్చుంటుంది, ఇక ముందుకూ రాదు, వెనక్కూ రాదు. పోనీ అని పూత దట్టంగా పట్టించావో, పక్కకి పోయే దారి లేక అది గుల్ల భుజం మీదే సొట్ట పెడుతుంది. కాబట్టి ఉండీ ఉండనట్టు ఉండాలి. ఓర్విల్ రేకు డబ్బాలో ఉన్ని మైనం పెట్టుకునేవాడు. బొటనవేలితో అలా ఒకసారి తాకి, చూపుడువేలికి రుద్దుకుని, గుల్లని ఆ రెండు వేళ్ళ మధ్య ఒక్క తిప్పు తిప్పేవాడు. మూతి వైపు వెళ్ళేవాడు కాదు, లోపలికి అసలే పోనిచ్చేవాడు కాదు. నొక్కడం అయ్యాక పైపైన గుడ్డతో తుడిచేస్తే సరి.

కూతురు సిగ్నీకి చిన్నప్పుడు నేర్పింది కూడా అలాగే. కళ్ళు మూసుకోమని చేతిలో గుల్ల పెట్టేవాడు.

"ఉందా?"

"ఉంది నాన్నా."

"ఎక్కడ లేదు?"

సిగ్నీ వేలితో తడిమి, "ఇదిగో, ఇక్కడ, అడుగున," అనేది. అంతటా ఉంటే ఆయన నవ్వేవాడు, ఎక్కడైనా లేకపోతే మళ్ళీ రాయమని డబ్బా ముందుకు జరిపేవాడు. ప్రెస్సు పిడి ఆ పిల్ల చేత పట్టించడానికి ముందు చాలాకాలం ఈ ఆటే ఆడించాడు.

మార్నా పోయిన రెండో ఏడు ఆయనకి పేగులో క్యాన్సరు పుండు బయటపడింది. పట్నంలో కోశారు, ఆ తర్వాత నెలల తరబడి నరానికి మందెక్కించారు. పుండు పోయింది. దాంతోపాటు వేళ్ళూ పోయాయి. చూడ్డానికి వేళ్ళు వేళ్ళలాగే ఉన్నాయి, పట్టుకుంటాయి, వంగుతాయి. కానీ గోళ్ళ దగ్గర్నుంచి రెండో కణుపు దాకా మందపాటి తొడుగేసుకున్నట్టు ఏమీ తెలియదు. చల్లటి ఇనుము తాకితే మాత్రం సూదులు గుచ్చినట్టు మండుతుంది. "కొంచెం తిమ్మిరిగా ఉందండీ," అని డాక్టరుకి చెప్పాడు. "కొందరికి పోతుంది, కొందరికి ఉండిపోతుంది," అన్నాడాయన. ఓర్విల్ ఇంటికొచ్చి బొత్తాల చొక్కాలన్నీ అలమారాలో వెనక్కి నెట్టేసి, తలమీంచి తొడుక్కునే బనీన్లు ముందుకు తెచ్చుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ట్యాంకరు తోలే పని అంతకుముందే పోయింది. మిగిలింది ఆ షెడ్డులో బల్ల, దానికి బిగించిన ప్రెస్సు. అది కూడా పోతే పొద్దున్నే లేచి చెయ్యడానికేమీ ఉండదు.

ఆ ఏడాది సిగ్నీకి లాటరీలో ఆడ ఎల్క్ వేట అనుమతి తగిలింది. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి, ఒక్కటి పడితే చలికాలమంతా ఇంట్లో మాంసానికి వెతుక్కోనక్కర్లేదు. మొగుడు వదిలేసి వెళ్ళాక స్కూలు బస్సు తోలుకుంటూ ఇద్దరు పిల్లల్ని నెట్టుకొస్తోంది సిగ్నీ. ఆమె ఫ్రీజరులో అప్పటికి మంచుగడ్డలూ, ఓ సంచీడు లెఫ్సె రొట్టెలూ తప్ప ఏమీ లేవు.

ఆదివారం భోజనం దగ్గర ఆమె నెమ్మదిగా కదిపింది.

"నాన్నా, ఈసారికి తూటాలు కొట్లో కొనేస్తా. నువ్వు ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నావు కదా."

ఓర్విల్ ఫోర్కు కింద పెట్టాడు. "మీ అమ్మ రైఫిల్లో కొట్టు తూటా పెడతావా?"

"పెడితే ఏమవుతుంది? పేలదా?"

"పేలుతుంది. మీ అమ్మ ఎప్పుడూ పెట్టలేదు."

"అమ్మ చాలా చేసేది కాదులే. కారు కడిగేది కాదు, నీ షెడ్డులోకి వచ్చేది కాదు."

"నేను చేస్తానన్నా కదా సిగ్నీ."

సిగ్నీ తండ్రి చేతుల వంక ఓ క్షణం చూసింది. తర్వాత లేచి కాఫీ తెచ్చి, కప్పు చెవి ఆయన వైపు తిప్పి పెట్టింది. "సరే. చెయ్యి," అంది.

మర్నాడు పొద్దున్నే మొదలెట్టాడు. పాత పద్ధతే. వేలు డబ్బాలో ముంచాడు, గుల్లని తిప్పాడు. వేలికి ఏమీ తెలియలేదు. కళ్ళతో చూద్దామని వెలుగుకి పట్టి చూశాడు. సరిగ్గా పట్టిన పూత కంటికి కనపడదు, పట్టని చోటూ అలాగే ఉంటుంది. ఉందనుకుని నొక్కాడు. మూడో గుల్ల దగ్గర పిడి మధ్యలో బిగుసుకుంది. బలంగా వెనక్కి లాగేసరికి గుల్ల అడుగు అంచు చిరిగి, గుల్ల మాత్రం అచ్చులోనే ఉండిపోయింది.

తన బల్ల మీద అలా జరగడం ఆయన ఎరగడు. ఊళ్ళో వాళ్ళ అచ్చుల్లో ఇరుక్కున్న గుల్లలు ఊడదీసి పెట్టిన మనిషి. ఇప్పుడు ఆ సన్నటి డ్రిల్లు మొన వేళ్ళ మధ్య నిలవడం లేదు. రెండుసార్లు కింద పడింది. చివరికి డెల్‌మర్ క్వామ్‌కి ఫోన్ చేశాడు.

డెల్‌మర్ స్కూలు బస్సుల మెకానిక్‌గా చేసి మానేశాడు, ఓర్విల్‌కి చిన్ననాటి స్నేహితుడు. వచ్చీ రాగానే అచ్చు వైపు చూసి టోపీ తీశాడు.

"ఎవరో పోయారని ఫోన్ చేశావనుకున్నా. ఇదేనా శవం?"

"నోరు మూసుకుని డ్రిల్లు తియ్యి."

"ఓర్విల్ హెగ్‌స్టాడ్ అచ్చులో గుల్ల ఇరుక్కుంది. ఒరేయ్, చర్చిలో చెబితే పాస్టరు కూడా ప్రసంగం ఆపేస్తాడు."

"చెప్పావంటే నిన్ను కూడా అందులోకి నొక్కుతా."

"ఆ మైనంతోనేనా? అయితే నేనూ ఇరుక్కుంటాలే."

డెల్‌మర్ గుల్ల అడుక్కి బెజ్జం వేసి, మర తిప్పి, బోల్టు బిగించి బయటికి లాగాడు. లాగుతూనే సణిగాడు. "ఇంకా ఆ డబ్బా ఏంట్రా? మా తాతల కాలంది. స్ప్రే కొట్టుకో. ఇదీ ఉన్ని మైనమే, స్పిరిట్లో కరగబెడతాం. గుల్లల్ని నిలబెట్టి నాలుగు వైపులా కొట్టడమే. వేలు పెట్టే పని లేదు."

ఆ చివరి మాట ఓర్విల్ చెవిలో పడింది. డెల్‌మర్ దాన్ని ఎగతాళికి అన్నాడు. ఓర్విల్‌కి మాత్రం మునిగేవాడికి తాడు అందినట్టయింది.

"ఎంతసేపు ఉంచాలి?" అన్నాడు, పట్టనట్టుగా.

"ఆరేదాకా. ఆ స్పిరిట్ ఎగిరిపోవాలి. తడి పోయి కాస్త జిగురు తగిలిందా, అప్పుడు నొక్కు. గడియారం ఎందుకు, ముట్టుకుంటే తెలుస్తుందిగా."

"తెలుస్తుందిలే," అన్నాడు ఓర్విల్.

సాయంత్రానికల్లా డెల్‌మర్ సీసా తెచ్చిచ్చాడు. ఓర్విల్ గుల్లల్ని చెక్క దిమ్మెలో వరసగా మూతులు పైకి ఉండేట్టు నిలబెట్టాడు. ఇరుక్కున్న గుల్ల ఇంకా కళ్ళ ముందే ఉంది. ఒక్క చోట కూడా తప్పిపోకూడదని నాలుగు వైపులా కొట్టాడు, మళ్ళీ ఓ చుట్టు కొట్టాడు, అనుమానం తీరక పైనుంచి కూడా కొట్టాడు. షెడ్డులో చలి. అంత చలిలో స్పిరిట్ తొందరగా ఎగరదు. కాసేపాగి ఒక గుల్ల తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. పొడిగా ఉంది. ఇంకోటి తీశాడు. అదీ పొడిగానే ఉంది. ఆ వేళ్ళకి ఏది ముట్టుకున్నా పొడే, ఆ సంగతి ఆయనకి తట్టలేదు. తట్టినా తలుపు తెరవలేదనాలి.

ప్రెస్సులో అన్నీ వెన్నలా దిగాయి. ఒక్కటీ ఆగలేదు. చాలా రోజుల తర్వాత ఓర్విల్ పని చేస్తూ ఈల వేశాడు. అయ్యాక గుడ్డతో పైపైన తుడిచాడు, ఎప్పటిలాగే. డెల్‌మర్ అయితే స్ప్రే కొట్టిన గుల్లల్ని మొక్కజొన్న కండెల పొట్టులో వేసి గంటలకొద్దీ దొర్లిస్తాడు, లోపలా బయటా పీల్చేస్తుంది. ఆ మాట డెల్‌మర్ చెప్పలేదు. ఇంత పనివాడికి అది కూడా చెప్పాలా అనుకున్నాడు. ఓర్విల్ అడగలేదు. జీవితమంతా ఆయన పూత లోపలికి వెళ్ళనే లేదు కాబట్టి, లోపల తుడవడం అనే పని ఆయన చేతికి అలవాటే లేదు.

గుల్లల్లో తుపాకీ మందు పోస్తుంటే గరాటు దాటాక నాలుగు పలుకులు గుల్ల మూతికి అంటుకున్నాయి. చలికి అలా అంటుకుంటాయిలే అనుకుని ఊది రాల్చాడు. గుండ్లు బిగించి, మర్నాడు కంకర గుంట దగ్గరికి వెళ్ళి కొన్ని పేల్చి చూశాడు. బ్రహ్మాండంగా పేలాయి. గుల్ల లోపల మిగిలిన మైనపు తడి మందులోకి ఇంకడానికి టైము పడుతుంది. మిగిలినవి పెట్టెలో సర్ది సిగ్నీకి ఇచ్చాడు. అవి ఆమె వంటింటి అలమారాలో, సీజను వచ్చేదాకా, వెచ్చగా కూర్చున్నాయి.

వేట రోజున ఓర్విల్ కూడా వెళ్ళాడు. కొండ ఎక్కలేడు కాబట్టి కింద ట్రక్కులోనే బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నాడు. కిటికీ సగం దించాడు. గాలి కొండ మీంచి కిందికి కొడుతోంది, నేల మీద పల్చగా మంచు. సిగ్నీ ఎండిన వాగులో వంగి వంగి వెళ్ళి గట్టు మీద బోర్లా పడుకుంది. ఎల్కుల గుంపు ఆమెకి ఎగువన మేస్తోంది. వేటలో వాళ్ళమ్మ మార్నా పడుకున్నట్టే పడుకుంది, మోకాలు కొంచెం పక్కకి పెట్టి. ఓర్విల్ బైనాక్యులర్స్ ఆమె మీదే నిలిపాడు.

మొదటి తూటా కొండంతా మోగింది. గుంపు ఒక్కసారి లేచి పరిగెత్తింది. ఒక ఆడ ఎల్క్ మాత్రం నడుం వంచుకుని నిలబడిపోయింది. తగిలింది, కానీ కొంచెం వెనక, పొట్టలో. ఇంకోటి కావాలి, వెంటనే కావాలి. సిగ్నీ రైఫిల్ బోల్టు లాగి ఇంకో తూటా లోపలికి తోయడం, మళ్ళీ గురి చూడటం ఓర్విల్ చూస్తున్నాడు.

ట్రిగ్గర్ నొక్కింది. రైఫిల్ ఎగరలేదు.

శబ్దం కూడా రాలేదు, వచ్చినా ఆ గాలిలో వినపడలేదు. భుజం కదల్లేదు. గొట్టం అక్కడే ఉంది. ఒక్క లిప్తలో ఓర్విల్‌కి అంతా అర్థమైంది. గుల్ల మూతికి అంటుకున్న పలుకులు కళ్ళ ముందు నిలిచాయి. గుల్ల అడుగున మందుకి నిప్పంటించే ప్రైమరు పేలింది గానీ, తడిసిన మందు అంటుకోలేదు. ప్రైమరు నెట్టిన గుండు గొట్టంలో ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటుంది. దాని వెనక ఇంకో తూటా పేలితే గొట్టం పగులుతుంది, సరిగ్గా సిగ్నీ చెంప పక్కన.

సిగ్నీ చెయ్యి బోల్టు మీదకి వెళ్ళింది. వెనక్కి లాగింది.

అరిచాడు. గాలి ఆ అరుపుని వెనక్కే విసిరేసింది. అప్పుడు అరచేతులు రెండూ పెట్టి ట్రక్కు హారన్ మీద పడ్డాడు. తియ్యలేదు. కొండ గుక్కతిప్పుకోకుండా ఏడ్చినట్టు మోగింది. గట్టు మీద సిగ్నీ తల తిప్పి చూసింది. ఆమె వెనక ఎల్క్ కూడా తలెత్తింది, తూలుతూ కదిలింది, నడిచింది, శిఖరం దాటిపోయింది.

సిగ్నీ దిగి వచ్చేసరికి ఓర్విల్ ఇంకా హారన్ మీదే చేతులు పెట్టుకుని ఉన్నాడు.

"బోల్టు తియ్యి," అన్నాడు. "బయటికి తీసెయ్ పూర్తిగా."

ఆమె తీసింది. ఆయన చెప్పకుండానే గొట్టాన్ని ఆకాశానికి పట్టి చూసింది. వెలుగు రాలేదు.

"ప్రైమరు పేలలేదనుకున్నా నాన్నా." ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి. "ఇంకో తూటా సగం తోసేశాను. చిన్న టప్పుమంటే ఆగిపొమ్మని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. ఆ ఎల్క్ నిలబడి ఉంటే, ఏదీ గుర్తు లేదు."

ఓర్విల్ హారన్ మీంచి చేతులు తీశాడు.

ట్రక్కులో వేరే రైఫిల్ లేదు. కొట్టినదాన్ని అలా వదిలేసి ఇంటికెళ్ళే మనుషులు కాదు వాళ్ళు. సిగ్నీ ఊళ్ళోకి వెళ్ళి డెల్‌మర్‌నీ అతని రైఫిల్‌నీ తీసుకొచ్చింది, ఇద్దరూ కలిసి పొద్దు వాలేదాకా రక్తం జాడ పట్టుకుని వెళ్ళారు. గాలి మంచుని తోసి జాడ కప్పేసింది. మర్నాడు పొద్దున బొంత కాకులు చూపించాయి. పక్క లోయలో, రాళ్ళ మధ్య. రాత్రంతా నక్కలు తిన్నాయి, మిగిలిందంతా కంపు కొడుతోంది. సిగ్నీ జేబులోంచి ఒక్క ఎల్క్‌కే చెల్లే అనుమతి చీటీ తీసి, అది వాడేసినట్టు నెలా తేదీ గుర్తుల దగ్గర కత్తితో కోసింది.

"ఎందుకమ్మా?" అన్నాడు డెల్‌మర్. "ఒక్క ముక్క కూడా దక్కలేదు. ఇంకా సీజను ఉంది. ఎవడూ అడగడు."

"చంపాను కదా మామయ్యా," అంది. అంతటితో ఆ ఏటి మాంసం అయిపోయింది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో ముగ్గురూ ఉన్నారు. డెల్‌మర్ కడ్డీ పెట్టి కొట్టి గొట్టంలోంచి గుండు రాల్చాడు. తర్వాత పెట్టెలో మిగిలిన తూటాలు ఒక్కొక్కటే విప్పాడు. కొన్నిట్లోంచి మందు ఇసుకలా జారింది. కొన్నిట్లోంచి జారలేదు. గుల్లని బల్లకేసి కొడితే తడిసిన పంచదారలా ముద్దగా పడింది, ఉన్ని మైనం వాసనతో.

డెల్‌మర్ ఆ ముద్ద వంక, తర్వాత తన సీసా వంక చూశాడు. ఈసారి వెటకారం రాలేదు. "పొట్టులో దొర్లించమని చెప్పలేదురా నేను," అన్నాడు.

"నువ్వు చెప్పాల్సింది చెప్పావు. ముట్టుకుని చూడమన్నావు." ఓర్విల్ స్టూలు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. "ముట్టుకున్నాను. నా వేళ్ళకి ఏమీ తెలియదు డెల్‌మర్. ఆస్పత్రిలో మందెక్కించినప్పట్నుంచీ."

డెల్‌మర్ చేతిలోని గుల్లని బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలుసు నాన్నా," అంది సిగ్నీ.

ఆయన తలెత్తాడు.

"ఎండాకాలంలో పొయ్యి మీది పెనం ఉత్త చేత్తో తీశావు. చర్మం కాలిన వాసన నాకొచ్చింది. నువ్వు కబుర్లు చెబుతూనే ఉన్నావు."

"తెలిసి, నన్నెందుకు చెయ్యనిచ్చావ్?"

"అన్నాను కదా, కొట్లో కొంటానని," అంది. "నువ్వు ఫోర్కు కింద పెట్టేశావు. ఇది కూడా లాక్కుంటే పొద్దున్నే ఎందుకు లేస్తావులే అనిపించింది. ఇరుక్కుంటే అచ్చు పాడవుతుంది, అంతేగా అనుకున్నా."

ఓర్విల్ చాలాసేపు ఆ ముద్దనే చూశాడు. తర్వాత లేచి, సొరుగులోంచి రెంచి తీసి, ప్రెస్సు కింద బోల్టుకి తగిలించబోయాడు. రెంచి జారింది. మళ్ళీ పెట్టాడు. మర మీద కూర్చుందో లేదో తెలియడం లేదు. ఇనుము చలికి వేళ్ళు మాత్రం మండుతున్నాయి.

"నువ్వు విప్పు సిగ్నీ," అన్నాడు.

"ఇవాళే ఎందుకు నాన్నా? ఉండనీ. నేనొచ్చి పూత రాసిపెడతా, నువ్వు పిడి పట్టుకో."

"రేపు నువ్వు బస్సు తోలుకుంటూ ఉంటావు. నేనిక్కడ ఒక్కణ్ణే ఉంటాను. ప్రెస్సు ఎదురుగా ఉందనుకో, పూత రాస్తాను. రాస్తే నొక్కుతాను. విప్పేయ్."

సిగ్నీ విప్పింది. డెల్‌మర్ ప్రెస్సునీ అచ్చునీ చేతులమీద ఎత్తుకుని బయటికి నడిచాడు. ఉన్ని మైనం డబ్బా మాత్రం ఓర్విల్ ఇవ్వలేదు.

అది మూత తీసి కూతురు ముందుకి జరిపాడు, చిన్నప్పటిలా. ఆమె వేలు ముంచలేదు. తల అడ్డంగా ఊపి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పిల్లలొచ్చే టైమైంది," అని వెళ్ళింది.

ఆమె ట్రక్కు రోడ్డెక్కిన చప్పుడు వినిపించాక ఓర్విల్ బల్ల మీద చెయ్యి పెట్టి, ప్రెస్సు ఉండే చోట నెమ్మదిగా తడిమాడు. బోల్టుల బెజ్జాలు ఎక్కడున్నాయో ఆ చేతికి తెలియలేదు. తల వంచి చూస్తే, చూపుడువేలు అప్పటికే ఒకదాంట్లో కణుపు దాకా దిగి ఉంది.